దీపం పెట్టే చోటు

గెనొవేఫా తలుపు తియ్యలేదు.

రాత్రి భోజనాల బల్ల దగ్గర నుంచి అర్ధాకలితో లేచి వెళ్ళిన మనిషి, తెల్లారి అందరి ఫలహారాలూ అయిపోయినా గడియ తియ్యలేదు. ఇవోనా టీ గ్లాసు పట్టుకుని అత్తగారి గది ముందు నిలబడింది. గ్లాసు మొదట వేళ్ళని కాల్చింది, తరవాత వెచ్చగా అయింది, ఇప్పుడు ఆ వెచ్చదనం కూడా పోయింది.

"అమ్మా, టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ."

"తలుపు తీస్తే మాట్లాడుకుందాం."

"ఇంకా మాటలెందుకు? నువ్వు చెప్పాల్సిందంతా రాతి మీద చెక్కించేశావుగా!"

ఇవోనా గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంది.

చేసిందంతా బావగారు జెనోన్. రాత్రి కరెంటు టీ తాగాడు. కొండల్లో టీలో సారా కలిపితే దానికి కరెంటు పెట్టారంటారు. ఆ కరెంటు జెనోన్ కాళ్ళలోకి పోకుండా నేరుగా నాలుకకి ఎక్కింది. "రేపు మధ్యాహ్నం ఫాదర్‌గారు వస్తారుగా, పలక బిగించేశారట, బాగా కుదిరిందట" అని కన్నతల్లి ముందే నోరు జారాడు. ఏం పలక అని ఆవిడ అడిగింది. అప్పుడైనా ఊరుకున్నాడా? ఊరుకోలేదు. తమ్ముడి పేరు చెక్కిన పలక అన్నాడు. అడివి అంచున చిన్న చెక్క ప్రార్థనాలయం ఉంది, దాని గోడకి కొండల్లో పోయినవాళ్ళ పేర్లన్నీ ఉంటాయి, మన సెవెరిన్ పేరు కూడా అక్కడ అన్నాడు.

ఇవోనా ఈ సంగతి నెమ్మదిగా, మంచి మాటల్లో, చెట్ల కింద నడిపిస్తూ చెబుదామనుకుంది. అందుకే రాదోమ్ నుంచి ఫోను చేసి కొండలు చూసొద్దాం అంది. కేబుల్ కారెక్కుదాం, గుర్రబ్బండిలో తిరుగుదాం, కింగాకి శని, ఆదివారాలు సెలవే, నలుగురం సరదాగా ఉంటుంది అని నమ్మబలికింది. జకోపానే చూస్తావా అంటే కాదనే పోలిష్ నానమ్మ ఎక్కడుంటుంది? పిన్‌చూవ్‌లో తన ఇంటి ముందు ఆవిడ మంచి కోటు తీసుకుని, ఎర్ర అంచు రుమాలు కట్టుకుని కారెక్కింది. ఇప్పుడా రుమాలు కట్టుకున్న తల తలుపు అవతల ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బస యజమానురాలు అనియేలా కట్టెలు రెండు చేతులా ఎత్తుకుని పైకొచ్చింది. కొండజాతి మనిషి. గొంతు ఖంగుమంటుంది.

"ఇంకా తియ్యలేదా? వదిలెయ్ అమ్మాయ్. హాల్నీ వీస్తోంది, వినబడ్డం లేదూ? ఇలాంటి రోజున మా ఆయన్ని నేను ఉప్పు డబ్బా ఇటివ్వమని కూడా అడగను."

వినబడకేం. రాత్రంతా వినబడుతూనే ఉంది. కొండ మీంచి దిగే ఆ వెచ్చని గాలికి పైకప్పు చెక్కలు మూలిగాయి, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. ఇవోనాకి కణతల్లో సుత్తితో కొట్టినట్టుంది. అక్టోబరు చివర్లో ఇంత వెచ్చటి గాలి మంచిది కాదు. ఈ గాలికి చెట్లు విరుగుతాయి, తాగనివాళ్ళు కూడా తాగినట్టు పోట్లాడుకుంటారు.

"ఈ రోజు తప్పదండీ. ఫాదర్‌గారికి చెప్పేశాను. కుటుంబమంతా ఒక్క మాట మీదుంటేనే ఆశీర్వదిస్తానన్నారు. అమ్మ రాకపోతే ఎలా?"

"రాదు," అంది తలుపు అవతలి గొంతు.

అప్పటిదాకా మెట్ల మీద మోకాళ్ళ మధ్య గెడ్డం పెట్టుకుని కూర్చున్న కింగా లేచింది. ఈ మధ్యే పన్నెండేళ్ళు నిండాయి. తండ్రి కనుబొమలు, తండ్రి మొండితనం. తల్లిని పక్కకి జరగమన్నట్టు భుజంతో నెట్టి, తాళం చెవి కన్నం దగ్గర నోరు పెట్టి ఏదో గుసగుసలాడింది.

గడియ తీసిన చప్పుడైంది.

గెనొవేఫా కోటు తొడుక్కునే ఉంది. రాత్రంతా కోటుతోనే కూర్చుందో ఏమో, కళ్ళ కింద ఉబ్బింది. కోడలి చేతిలోని టీ తీసుకుని చల్లటిదే ఒక్క గుక్కలో తాగేసి ఖాళీ గ్లాసు తిరిగి చేతిలో పెట్టింది.

"చూపిస్తానని తీసుకొచ్చావుగా. పద, చూపించు."

"ఏం చెప్పావే నానమ్మకి?" అని ఇవోనా కూతుర్ని అడిగింది.

"ఏం లేదు," అంది కింగా, మెట్లు దిగిపోతూ.

తన బతిమాలుడుకి తెరుచుకోని తలుపు ఈ పిల్ల గుసగుసకి తెరుచుకుంది. ఇవోనాకి చురుక్కుమంది. వేసవి సెలవులన్నీ పిన్‌చూవ్‌లో నానమ్మ దగ్గరే గడుపుతుంది కనక చనువు ఉండదా అని సరిపెట్టుకుంది.

*

కేబుల్ కారు ఆగిపోయింది. గాలి తగ్గేదాకా నడపరట. గేటు ముందు పిల్లల్ని చంకనేసుకున్న జనం గొణుక్కుంటున్నారు.

"కొండ కూడా నీ మొహం చూసి తలుపేసుకుంది," అంది గెనొవేఫా కోడలితో.

"గాలమ్మా, గాలి," అన్నాడు జెనోన్. రాత్రి చేసిన ఘనకార్యానికి పొద్దుట్నుంచీ తల్లి వెనక పిల్లిలా తిరుగుతున్నాడు. "గాలికేం తెలుసు మన గొడవలు?"

"నువ్వు నోరు ముయ్యి. నీ తమ్ముడి గురించి నాకు చెప్పడానికి నీకు మూడు గ్లాసులు కావలసొచ్చాయి."

క్రుపూవ్కి వీధిలోకి తిరిగారు. పొగబెట్టిన గొర్రెపాల జున్ను వాసన, కాల్చిన సాసేజిల వాసన, గాలికి ఎగిరే కాగితాలు. దుకాణాలవాళ్ళు ఉన్ని చెప్పులు, గొర్రెతోళ్ళు ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టుకున్నారు. ఇళ్ళ పైన గియేవొంత్ కొండ, వెల్లకిలా పడుకున్న మనిషిలా, ముక్కూ గెడ్డం ఆకాశంలోకి ఎత్తి ఉంది. మూడేళ్ళుగా ఇవోనా ఆ కొండ వైపు చూడలేదు. ఇక్కడికొస్తే చూడకుండా ఉండటం కుదరదు.

మూడేళ్ళ కిందట ఇదే నెలలో సెవెరిన్ ఒక్కడే ఈ కొండల్లోకి పోయాడు. అడివి మొదట్లో కారు దొరికింది. రక్షణదళం వాళ్ళు మంచు పడేదాకా వెతికారు, మంచు కరిగాక మళ్ళీ వెతికారు. బూటు దొరకలేదు, టోపీ దొరకలేదు. అప్పట్నుంచీ ఇవోనా పెళ్ళామూ కాదు, విధవా కాదు. కాగితాల్లో ఏది రాయాలో తెలియక ఆఫీసుల్లో గుమాస్తాలు ఆమె మొహం వైపు చూసేవాళ్ళు.

"రండి రండి! ఫోటో, ఫోటో! ఎలుగుబంటితో ఫోటో లేకుండా జకోపానే వచ్చామంటే ఎవరైనా నమ్ముతారా?"

తెల్ల ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడింది. బొచ్చు వేషంలోంచి సిగరెట్లకి బొంగురుపోయిన గొంతు వస్తోంది. ఒప్పుకోకముందే పంజాలతో అందర్నీ వరసలోకి నెడుతోంది.

"పాప ముందుకి. నానమ్మ నా చంకలోకి. నాన్నగారు అమ్మగారి పక్కకి, ఆఁ, భుజం మీద చెయ్యి వెయ్యండి సార్, సిగ్గెందుకు సొంత పెళ్ళామే కదా!"

జెనోన్ చెవులు ఎర్రబడ్డాయి. "నేను నాన్నని కాదయ్యా. పెదనాన్నని."

"మరి నాన్నగారేరీ? పిలవండి సార్. ఇంటాయన లేని ఫోటో ఏం బాగుంటుంది?"

గాలికి ఎలుగుబంటి బొచ్చు ఒక పక్కకి లేచింది.

"రాలేదు," అంది కింగా. "పనుంది."

ఎంత మామూలుగా అందో! పక్కింటావిడ పాలు అడగడానికొస్తే లేవని చెప్పినంత మామూలుగా. ఎదురుగా నిలబడ్డ కెమెరావాడు నొక్కేశాడు. ఆ ఫోటోలో ఇవోనా తల తిప్పి కూతుర్ని చూస్తూ పడింది.

బడిలో కూడా ఇలాగే చెబుతోందా? నాన్న రాలేదు, పనుంది అంటోందా? మూడేళ్ళ నుంచీ పిల్ల ఒక్కసారి కూడా తన ముందు ఏడవలేదు. పెద్దరికం అనుకుంది, గట్టిపిల్ల అనుకుంది. ఇది గట్టితనం కాదు, పిల్ల బుర్రలో తండ్రి ఇంకా ఎక్కడో పని చేసుకుంటున్నాడు. నానమ్మ నూరిపోసింది. ఈ పలక నాకోసం కాకపోయినా ఈ పిల్లకోసమైనా పెట్టించి తీరాలి అనుకుంది ఇవోనా. అలా అనుకోగానే మనసు రాయి అయింది.

కాస్త ముందు నడుస్తున్న కింగా జెనోన్ చెయ్యి పట్టుకుంది.

"పెదనాన్నా, రాతి మీద చెక్కిన పేరు మళ్ళీ తీసెయ్యొచ్చా?"

"ఎందుకు తియ్యడం?"

"తప్పు పడితే."

"తప్పు పడలేదులే. పుట్టిన సంవత్సరం నేనే దగ్గరుండి సరిచూశాను."

పిల్ల చెయ్యి వదిలేసింది.

*

హోటల్లో పులిసిన క్యాబేజీ చారు నాలుగు గిన్నెల్లో వచ్చింది, పక్కటెముకలు వేసి. జెనోన్ ఒక్కడే తిన్నాడు. ఆ మనిషికి ఎంత కష్టంలోనైనా ఆకలి వేస్తుంది, ఏం చేస్తాడు పాపం. కాసేపటికి కింగాని గుర్రాలు చూపిస్తానని బయటికి తీసుకుపోయాడు. అది మాత్రం మంచి పని చేశాడు.

అత్తా కోడళ్ళిద్దరే మిగిలారు.

"తారీఖు ఏం వేయించావు?" అంది గెనొవేఫా చారు వైపు చూస్తూ.

"తారీఖు వెయ్యలేదమ్మా. ఆ నెలా సంవత్సరమూ వేయించాను. కింద 'కొండల్లో ఉండిపోయాడు' అని రాయించాను. ఇక్కడ అలాగే రాస్తారట."

"ఉండిపోయాడా?" ఆవిడ ఆ మాటని నోట్లో ఎముక ముక్కలా అటూ ఇటూ తిప్పింది. "ఉండిపోయాడు. బావుంది. చచ్చిపోయాడనే ధైర్యం రాలేదు నీకు."

"రాలేదు. మీరొక్కసారి సాయం చేసుంటే వచ్చేది. మీ ఊరి గుళ్ళో ప్రతి నెలా ఆయన ఆరోగ్యం కోసం పూజ చెప్పిస్తారు. ఆత్మశాంతి కోసం ఒక్కసారైనా చెప్పించారా? నేనక్కడుండగా ఆ పూజ చదివినప్పుడల్లా ఊరు ఊరంతా నావైపు చూస్తుంది. అత్త ఆశ పెట్టుకుంది, పెళ్ళాం పాతిపెట్టేసింది అని."

"నేనెవర్నీ చూడమన్లేదు."

"నాకు జవాబు చెప్పండమ్మా. ఎందుకింత పట్టుదల?"

"తల్లిని. చాలదా?"

"నేను పెళ్ళాన్ని. అది చాలదా?" ఇవోనా గొంతు పెరిగింది. పక్క బల్ల దగ్గర స్పూనులు ఆగాయి. ఆగనీ అనుకుంది. "మూడేళ్ళు మీ మాట మన్నించాను. పలక వద్దన్నారు, మానేశాను. ఫోటోకి నల్ల రిబ్బను కట్టొద్దన్నారు, కట్టలేదు. నల్లబట్టలు కట్టొద్దన్నారు, రంగు రంగుల స్వెట్టర్లు వేసుకుని లోపల్లోపల కుళ్ళిపోయాను. ఇంకో నాలుగు రోజుల్లో సకల పునీతుల పండుగ. దేశం దేశమంతా దీపాలూ చామంతులూ పట్టుకుని తమవాళ్ళ సమాధుల దగ్గరికి పోతుంది. బస్సుల నిండా వాళ్ళే. నేనెక్కడికి పోవాలి? చెప్పండి, నేను దీపం కొని ఎక్కడ పెట్టాలి?"

గెనొవేఫా స్పూనుతో చారు కలుపుతోంది.

"పోయినేడు ఏం చేశానో తెలుసా? కొనేశాను. అందరూ కొంటుంటే చెయ్యి ఆగలేదు. ఎర్రగాజు దీపం కొనుక్కుని మా ఊరి సమాధుల్లో చీకటి పడేదాకా తిరిగాను, దారి తప్పినదాన్లాగా. ఆఖరికి ఎవరిదో సమాధి మీద పెట్టేసి ఇంటికొచ్చాను."

ఆవిడ స్పూను కింద పెట్టింది. "ఎవరిది?"

"నాకేం తెలుసు? ఎవరో ఫ్రాంచిష్కా. ఏనాటిదో. పువ్వు లేదు, దీపం లేదు, పేరు మీద నాచు పట్టింది. నాచు గోళ్ళతో గీకి, దీపం పెట్టి, ఆయన కోసం చెప్పుకోవాల్సిన ప్రార్థనంతా ఆవిడకి చెప్పుకున్నాను. వెనకెవరో ముసలాయన 'మీ అమ్మమ్మా?' అని అడిగాడు. అవునన్నాను."

చెప్పేశాక సిగ్గేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది. చెప్పీ చెప్పీ ఈ మనిషికా చెప్పింది!

గెనొవేఫా మొహం చూసి మాత్రం ఇవోనా బెదిరింది. ఆవిడ రంగు మారిపోయింది. పెదాలు విడివడ్డాయి, ఏదో అనబోయింది. రుమాలు ముడి వదులు చేసుకుంది, మళ్ళీ బిగించుకుంది. కిటికీ బయట కింగా గుర్రం ముక్కు నిమురుతూ నిలబడి ఉంది. ఆవిడ పిల్లవైపు చూసింది.

"ఎన్ని గంటలకి రమ్మన్నాడు ఆ ఫాదర్?"

"మీరు... వస్తారా?"

"వస్తాను. నీ దీపం నువ్వు పెట్టుకో. నేనేం అడ్డు రాను."

ఇవోనా బల్ల మీదికి వంగి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. వెనక్కి మాత్రం లాక్కోలేదు.

*

దారి పొడవునా విరిగిన స్ప్రూస్ చెట్ల కొమ్మలు పడున్నాయి. గాలి అడివి పై అంచున హోరుమంటోంది, కింద నడిచేవాళ్ళకి మాత్రం అప్పుడో విసురు ఇప్పుడో విసురు తగులుతోంది. జెనోన్ ముందు నడిచి కొమ్మలు పక్కకి లాగుతున్నాడు. కింగా అందరికన్నా వెనక, కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది.

"నేను ఇక్కడే ఉంటాను," అంది పిల్ల, ప్రార్థనాలయం కనబడగానే.

"నాన్న కోసమే కదా కింగా."

"నాకు వద్దు."

"ఒక్క పది నిమిషాలు. తరవాత నీ ఇష్టం."

కింగా నానమ్మ వైపు చూసింది. నానమ్మ నేలవైపు చూసింది.

గోడ నిండా పలకలు. రాగివి, రాతివి, చెక్క మీద కాల్చి రాసినవి. పాతికేళ్ళవాళ్ళు, ముప్పయ్యేళ్ళవాళ్ళు, ఒక చోట అన్నదమ్ములిద్దరూ ఒకే పలక మీద. అంచున కొత్త రాయి మెరుస్తోంది. దాన్ని బిగించిన మేకులు ఇంకా కొత్తగానే ఉన్నాయి. సెవెరిన్ పేరు చూడగానే ఇవోనా అక్కడే ఆగిపోయింది. తనే చెప్పి చెక్కించింది, తనే అక్షరాలు ఎంచింది, అయినా ఆ పేరు అలా గాలిలో గోడ మీద ఒంటరిగా కనబడుతుందని ఊహించలేదు.

ఫాదర్ కొండవాడే. పొట్టిగా, గట్టిగా, అంగీ కింద కొండెక్కే బూట్లతో ఉన్నాడు. ఇలాంటి పలకలు చాలా ఆశీర్వదించినవాడు కనక తొందరపెట్టలేదు.

"అందరికీ సమ్మతమేనా?"

"సమ్మతమే ఫాదర్," అన్నాడు జెనోన్.

"అమ్మగారికి?"

గెనొవేఫా తల ఊపింది. ఊపిందనే అనుకున్నారు అందరూ. గాలికి రుమాలు కదిలిందేమో కూడా.

ఇవోనా సంచిలోంచి ఎర్రగాజు దీపం తీసింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోదీ ఆరిపోయింది. జెనోన్ వచ్చి కోటు విప్పి గాలికి అడ్డం పెట్టాడు. ఒత్తి అంటుకుంది. మూత పెట్టి, దీపాన్ని పలక కింద రాతి అరుగు మీద పెట్టి, చెయ్యి తియ్యాలనిపించక కాసేపు అలాగే ఉంచింది. గాజు మెల్లగా వెచ్చబడింది. మూడేళ్ళలో మొదటిసారి ఇవోనాకి ఏడుపు సుఖంగా వచ్చింది. ఇక్కడున్నావన్నమాట అనుకుంది మనసులో. సరే. ఇక్కడే ఉండు. ఏటేటా వస్తాను.

"ప్రభువా, ఇతనికి నిత్య విశ్రాంతి నొసగండి," అన్నాడు ఫాదర్.

"నిత్య వెలుగు ఇతనిపై ప్రకాశించును గాక," అన్నారు ఇవోనా, జెనోన్.

రెండు గొంతులే. అందరికీ తెలిసింది రెండు గొంతులేనని. ప్రతి ఆదివారం గుడి తప్పని మనిషి, ఊళ్ళో ఎవరు పోయినా అందరికన్నా ముందు ఈ జవాబు అందుకునే మనిషి, పెదవి కదపలేదు.

ఫాదర్ రెండోసారి అన్నాడు. మళ్ళీ రెండు గొంతులే.

ఇవోనా తల తిప్పి, కన్నీళ్ళతోనే, అత్తగారి వైపు చూసింది. ఒక్కసారి అనండమ్మా. ఒక్కసారి మీ నోటితో అంటే ఆయన నిజంగా పోతాడు, నేను నిజంగా ఏడుస్తాను. అడగలేదు, చూపులతోనే బతిమాలింది.

ఫాదర్ పవిత్ర జలం పాత్రలో కుంచె ముంచి పలక వైపు చెయ్యెత్తాడు.

గెనొవేఫా ముందుకొచ్చి కొడుకు పేరు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. నీళ్ళు ఆవిడ చేతి మీద పడ్డాయి.

"ఆపండి ఫాదర్. ఇది పాపం."

"అమ్మా!" అన్నాడు జెనోన్.

"బతికున్నవాడి మీద ఈ ప్రార్థన చెయ్యకూడదు. నేను నోరు మూసుకుని నిలబడదామనే వచ్చాను. కోడలి దీపం కోడలు పెట్టుకుంటే నాకేం పోయింది అనుకున్నాను. దేవుడి ముందు నావల్ల కావడం లేదు."

ఫాదర్ కుంచె దించాడు. "తల్లి మనసు అలాగే అంటుందమ్మా. ఎంతమంది తల్లుల్ని చూశాను ఈ గోడ దగ్గర."

"నా మనసు సంగతి కాదు ఫాదర్." ఆవిడ గొంతు తగ్గింది. "మొన్న ఈస్టరు ముందు వాడి జుట్టు నేనే కత్తిరించాను. మా వంటింట్లో, మెడ చుట్టూ తువ్వాలు కట్టి. చెవుల వెనక నెరిసిపోయింది వాడికి."

అడివి మీద గాలి ఒక్కసారిగా విరుచుకుపడి పోయింది. జెనోన్ నోరు తెరిచి తల్లిని చూస్తున్నాడు.

ఇవోనాకి మొదట జాలి కలిగింది. పాపం, మతి చలించింది అనుకుంది. ఈ గాలి, రాత్రంతా నిద్ర లేకపోవడం, కడుపులో ఏమీ లేకపోవడం. ముందు పిల్లని ఇక్కడ్నుంచి తీసుకుపోవాలి, ఈ మాటలు వింటే జడుసుకుంటుంది. గబగబా వెనక్కి తిరిగింది.

కింగా జడుసుకోలేదు. పిడికిళ్ళు బిగించి, మొహం కందిపోయి, నానమ్మ వైపే చూస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మూడేళ్ళుగా రాని నీళ్ళు అవి. కోపంతో వచ్చాయి.

"చెప్పనన్నావుగా నానమ్మా! నాన్నకి మాటిచ్చావుగా! నేను చెప్పానా? ఇన్నాళ్ళూ నేను ఒక్కసారైనా చెప్పానా?"

ఇవోనా అరుగు పట్టుకుంది. చేతికి దీపం తగిలి పక్కకి దొర్లింది. ఎవరూ దాన్ని నిలబెట్టలేదు.

మంచులో కర్రలతో గుచ్చి గుచ్చి వెతికిన మనుషులు గుర్తొచ్చారు. ఎండాకాలం పిన్‌చూవ్ నుంచి వచ్చిన కూతురు గుర్తొచ్చింది. ఎలా ఉందే నానమ్మ అంటే బాగుంది అనేది, ఏం చేశారే అంటే ఏం లేదు అనేది. తను అన్నం వడ్డిస్తూ, జడ వేస్తూ, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ పెంచిన పిల్ల. ఒకే ఇంట్లో, ఒకే పక్క మీద కూడా పడుకుంది కొన్ని రాత్రులు, తనకి ఏడుపు ఆగనప్పుడు. ఆ రాత్రుల్లో తన వీపు నిమిరిన చేతికి ఈ సంగతి తెలుసు.

"ఎక్కడున్నాడు?" అంది ఇవోనా. ఆ గొంతు తనదేనా అనిపించింది.

నానమ్మా మనవరాలూ ముందు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, చెబుదామా వద్దా అన్నట్టు.